ఎల్లారెడ్డి నోటుబుక్కులో రెండో స్టిక్కర్

నేను ఫిర్యాదులు రాసే మనిషినని కామారెడ్డిలో నాతో పనిచేసిన వాళ్లెవరిని అడిగినా చెబుతారు. అది నిజమే. నేను రాసిన ఉత్తరాల నకళ్లు మూడు ఫైళ్లలో మా ఇంట్లో ఉన్నాయి. ఎవరు, ఏ రోజు, ఎంతమంది ముందు నన్ను ఏమన్నారో కూడా వాటిలోనే ఉంది. రిటైరయ్యాను కాబట్టి వాటిని అటక మీద పెట్టేయమని నా భార్య అంటుంది. నేను పెట్టలేదు.

డేటాబేస్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే మంచిది అని అడుగుతారు. వాటి గురించి నాకు పెద్దగా తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, ఈ పనిలో ఎవరినీ నమ్మకూడదు. యంత్రాన్ని నమ్మకూడదు, యంత్రం నడిపేవాడిని నమ్మకూడదు, "ఏమీ మార్చలేదు సార్" అనేవాడిని అసలే నమ్మకూడదు. ఈ మాట నేను ఉద్యోగమంతా పాటించాను. ఒక్కసారి మాత్రం సగమే పాటించాను. ఆ సగం వల్ల ఎల్లారెడ్డిలో ఒకమ్మాయి ఉద్యోగం పోబోయింది. ఇది రాస్తున్నది అందుకే.

ఆరు పోర్షన్ల ఇల్లు

నేను పనిచేసింది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పేరు రాయను, రాస్తే మళ్లీ ఉత్తరాలు మొదలవుతాయి. పెద్ద ఆసుపత్రి కామారెడ్డిలో, చిన్న బ్రాంచి ఎల్లారెడ్డిలో. రెండు చోట్ల రోగుల వివరాలు, రక్తపరీక్షల ఫలితాలు అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉండేవి. దాన్ని నడపడం నా పని. మొదట్లో అది నా బల్ల పక్కన ఒక ఇనుప పెట్టెలో ఉండేది. దాని ఫ్యాన్ చప్పుడు మారితే, అన్నం తింటున్నవాణ్ని కూడా లేచి వెళ్లి చూసేవాణ్ని.

తర్వాత కంప్యూటర్ సెక్షన్‌కు నరహరి పెద్దగా వచ్చాడు. వచ్చిన మొదటి వారమే ఎనిమిది మంది ముందు నిలబడి, "వెంకటేశం, నీ పెట్టె మ్యూజియంల పెట్టాలె. పక్కకు నువ్వు గూడ కుర్సేసుకొని కూసో, టికెట్ పెడదాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఎనిమిది మంది పేర్లు మొదటి ఫైల్లో ఉన్నాయి.

నరహరి ఒక పెద్ద సర్వర్ తెప్పించి, అందులో ఆరు వర్చువల్ మిషన్లు చేయించాడు. ఈ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వీధిలో ఒకాయన ఒకే ఇంటిని ఆరు పోర్షన్లు చేసి కిరాయికి ఇచ్చాడు. బోరు ఒకటే, పైన ట్యాంకూ ఒకటే. కానీ ప్రతి కిరాయిదారుకూ ఇరవై నాలుగు గంటలూ నీళ్లొస్తాయని చెప్పాడు. కింద ఒకరు బట్టలు ఉతికితే పైన నల్లా బుస్సుమంటుంది. వర్చువల్ మిషన్లూ అంతే. ఉన్న యంత్రం ఒకటే అయినా, ఆరింటిలో ప్రతి ఒక్కటీ ఈ మెమొరీ నాదే, ఈ డిస్కు నాదే, ఈ గడియారం నాదే అనుకుంటుంది. అట్లా అనుకునేలా దాన్ని నమ్మిస్తారు. డేటాబేస్ ఆ మాట నమ్మి, ఇస్తామన్న మెమొరీ మొత్తం తీసుకుని దాని మీదే కూర్చుంటుంది. ఇంటివాడు వెనక నుంచి కొంచెం కొంచెంగా లాక్కుంటే దానికి కారణం తెలియదు. ఊరికే మెల్లగా నడుస్తుంది.

పొద్దున పదకొండింటికి

మాకూ అదే జరిగింది. రోజూ పదకొండు గంటలకు డేటాబేస్ నత్తలా నడిచేది. రిజిస్ట్రేషన్ కౌంటర్ ముందు వరుస గేటు దాకా పెరిగేది. నరహరిని అడిగితే, "నీ క్వెరీలు సక్కగ రాసుకో" అన్నాడు. నాలుగు రోజులు క్వెరీలన్నీ, అంటే డేటాబేస్‌ను వివరాలు అడిగే ఆదేశాలన్నీ, చూశాను. వాటిలో తప్పేమీ లేదు. మిషన్ లోపలి నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపించేది. పోర్షన్ లోపల కూర్చుంటే ట్యాంకులో నీళ్లెన్నున్నాయో కనపడదు. పెద్ద సర్వర్ లెక్కలు చూపించమన్నాను. "అది నీ పని గాదు" అన్నాడు.

చూపించనంటున్నాడంటే ఏదో ఉందనుకున్నాను. ఆసుపత్రిలో పదకొండింటికి ఎవరెవరు ఏమేం చేస్తారో సెక్షన్ సెక్షన్ తిరిగి అడిగాను. ఎక్స్‌రే గదిలో ఆపరేటర్, "పొద్దున తీసిన ఫిల్ములన్ని పదకొండుకు ఒకేపారి పంపుతమన్నా, గట్లనే సెట్ చేసిన్రు" అన్నాడు. ఆ ఫిల్ములు దాచే మిషన్ మా పెద్ద సర్వర్ అనే ఇంట్లోనే ఇంకో పోర్షన్. అది బట్టలు ఉతుకుతుంటే నా నల్లా ఆగిపోతోంది. సూపరింటెండెంట్ మేడమ్‌కు రెండు పేజీల ఉత్తరం రాశాను. నా మిషన్‌కు ఇచ్చిన మెమొరీ ఎవరూ తీసుకోకుండా కట్టేయమని ఆవిడ ఆర్డరిచ్చారు. ఆ రోజు నుంచి పదకొండింటి గొడవ లేదు. నువ్వన్నది నిజమేనని నరహరి ఒక్కసారి కూడా అనలేదు. "సర్దినం" అన్నాడు, అంతే. అదీ ఫైల్లో ఉంది.

నన్ను చెడగొట్టింది ఈ గెలుపే. ఆ తర్వాత ఏది చెడినా నరహరే చెడగొట్టాడని అనుకోవడం అలవాటైంది.

బల్ల కింద పెట్టె

కొత్త సర్వర్ వచ్చాక పాత ఇనుప పెట్టెను ఇచ్చేయమన్నారు. ఇవ్వనన్నాను. డేటాబేస్ తాను చేసే ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాసుకుంటుంది. ఆ లాగ్ ముక్క పావుగంటకొకటి నా పాత పెట్టెకు వచ్చేట్టు, వచ్చింది వచ్చినట్టు అందులోని డేటాబేస్ రెండో ప్రతికి ఎక్కేట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఇల్లు కూలినా బయట ఒక ప్రతి ఉండాలని నా పట్టుదల. నరహరి టైపిస్టులతో, "ముసలాయన మూట ఇడువడు" అనేవాడట. ఆ మాట నా చెవిన పడేట్టు అనేవాడు.

స్నాప్‌షాట్ గురించి కూడా చెప్పాలి. వర్చువల్ మిషన్‌ను ఉన్నది ఉన్నట్టు ఒక బొమ్మ తీసి పెట్టుకోవచ్చు. తర్వాత ఏదైనా చెడితే ఆ బొమ్మ దగ్గరికి వెనక్కి తిప్పవచ్చు. చిన్నచిన్న మిషన్లకు అది బాగానే పనికొస్తుంది. డేటాబేస్‌ను అట్లా తిప్పితే, మధ్యలో జనం చేసిన పనంతా పోతుంది. అంతకంటే చెడ్డ సంగతి, తాను వెనక్కి వెళ్లినట్టు ఆ మిషన్‌కే తెలియదు. పోయిన గంటలు దాని బతుకులో లేనేలేవు. నాకు చెప్పకుండా నా సర్వర్‌ను వెనక్కి తిప్పవద్దని నరహరికి రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను.

మౌనిక కార్డు

ఒకరోజు ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి మౌనిక అనే గర్భిణిని కాన్పుకు కామారెడ్డి తీసుకొచ్చారు. పది రోజుల ముందు, ఒక గురువారం, ఆమె మా ఎల్లారెడ్డి బ్రాంచిలో రక్తపరీక్ష చేయించుకుంది. కార్డు మీద నంబరు స్టిక్కర్ ఉంది. దాంతో పాటు బి నెగెటివ్ అని చేత్తో రాసిన చీటీ ఉంది. వార్డులో నర్సు ఆ స్టిక్కర్‌ను స్కాన్ చేస్తే, కామారెడ్డిలోనే ఉండే ఇంకో ఆడమనిషి పేరూ, బి పాజిటివ్ అనీ వచ్చింది. మౌనిక పేరు కొట్టి వెతికితే అసలు ఆ పేరే లేదు.

మౌనిక అత్త కౌంటర్ దగ్గర నిలబడి అరిచింది. "ఆడ ఒకటి జెప్తరు, ఈడ ఒకటి జెప్తరు. పది దినాలల్ల మా కోడలి నెత్తురు మారుతదా? ఏం దవఖాననయ్యా మీది?"

మళ్లీ పరీక్ష చేశారు. బి నెగెటివ్. తల్లిది నెగెటివ్ అయితే కాన్పు తర్వాత ఒక సూది వేయాల్సి ఉండవచ్చు. వేయకపోతే తర్వాతి బిడ్డకు ప్రమాదం. నర్సు చీటీని పక్కన పెట్టి కంప్యూటర్‌ను నమ్మి ఉంటే ఆ సూది సంగతి ఎవరికీ గుర్తుకు వచ్చేది కాదు. ఈసారి గండం తప్పిపోయింది. ఇంకోసారి ఏమవుతుంది? దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

ఎల్లారెడ్డి బ్రాంచిలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవారు. కంప్యూటర్ తెరిచేది టెక్నీషియన్ ఒక్కతే. ఆమె పేరు షాహీన్. నేనెప్పుడూ చూడలేదు. సూపరింటెండెంట్ మేడమ్ మీటింగ్ పెట్టారు. నరహరి, "పరీక్షనే చేయకపోవచ్చు మేడమ్. నీది ఏం గ్రూపని పేషంటునే అడిగి చీటీ రాసిచ్చి, ఎవరిదో స్టిక్కర్ కార్డుకు అంటించి ఉంటది" అన్నాడు. మేడమ్ నా వైపు తిరిగారు.

"వెంకటేశం గారూ, ఆ గురువారం ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఏం చేసింది?"

నేను సర్వర్‌లోని లాగిన్ల లాగ్ చూసుకునే వెళ్లాను. "పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఎల్లారెడ్డి నుంచి ఎవరూ లాగిన్ కాలేదు మేడమ్. కంప్యూటర్ తెరవనే లేదు. మనుషులు అబద్ధం చెబుతారేమో గానీ నా లాగ్ చెప్పదు."

ఆ చివరి మాట కావాలనే అన్నాను. నరహరికి తగలాలని అన్నాను. తగిలింది షాహీన్‌కు. ఆ సాయంత్రమే ఆమెను డ్యూటీ నుంచి ఆపారు. వారంలో జవాబు ఇవ్వాలని, ఇవ్వకపోతే తీసేస్తామని కాగితం పంపారు. పరీక్ష చేయకుండా చీటీ రాసిందన్న మచ్చ పడితే ఇంకే ల్యాబ్ ఆమెను గడప తొక్కనివ్వదు.

నిలబెట్టి మాట్లాడాను

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చింది. ఎల్లారెడ్డి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, బురఖా అంచుకు దుమ్ము ఉంది.

"వెంకటేశం సారంటే మీరేనా?"

"ఔను. ఏం గావాలె?"

"నేను షాహీన్‌ను. నేను కంప్యూటరే తెరవలే అన్నరంట."

"లాగ్ల లేదమ్మా."

"పదకొండుకే తెరిచిన సార్. పన్నెండు దాటినంక మౌనిక పేరు కొట్టిన, స్టిక్కర్ తీసిన, పరీక్ష చేసి రిజల్టు ఎక్కించిన. ఆ స్టిక్కర్ మీ కంప్యూటరే ఇచ్చింది. నేను ఇంట్ల అచ్చేసుకున్ననా?"

"అమ్మా, లాగ్ల ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు."

"లాగ్ల లేకుంటే నేనే లేనట్టా సార్? ఆ దినం నేను ఏడికి పోయిన మరి? అందరు జూసిన్రు. మా అమ్మీ నాలుగు దినాలసంది బువ్వ తింటలేదు, 'ఏం తప్పు జేసినవే' అని నన్నే అడుగుతుంది."

సంచిలోంచి ఒక పెద్ద నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. బడి పిల్లలు రాసుకునే లాంటిది. ఒక్కో నంబరుకు స్టిక్కర్లు రెండు వస్తాయి. ఒకటి రక్తం గొట్టానికి, ఒకటి రోగి కార్డుకు. షాహీన్ ప్రతిసారీ ఇంకోసారి అచ్చు వేసి, ఆ జతలోంచి ఒకటి నోటుబుక్కులో అతికించి, పక్కన పేరూ ఫలితమూ రాసుకునేది. మిగిలిన దాన్ని చించి పారేసేది. బ్రాంచిలో చేరిన రోజు నుంచీ అట్లా చేస్తోంది.

"ఇది ఎవరు చేయమన్నరు?"

"ఎవరు అనలే. కామారెడ్డోళ్లు ఎన్నడన్న ఒకనాడు గిట్ల అడుగుతరని ఎర్కనే."

నేను ముందు చూసింది నంబర్లను కాదు. ఈ మూడు నాలుగు రోజుల్లో కూర్చుని తయారు చేసిందేమోనని చూశాను. కుట్టు విప్పారా, కాగితాలు మార్చారా, సిరా అంతా ఒకే తీరుగా ఉందా అని. ఆమె నిలబడి చూస్తూనే ఉంది. కుట్టు గట్టిగా ఉంది. పాత పేజీల్లో స్టిక్కర్ల అంచులు పసుపు రంగు తిరిగాయి. అది తయారు చేసిన పుస్తకం కాదు.

అప్పుడు గురువారం పేజీ చూశాను. నంబర్లు వరుసగా పెరుగుతూ వచ్చాయి. రెండు బ్రాంచిలకూ నంబర్లు ఒక్క చోటి నుంచే వస్తాయి కాబట్టి మధ్యలో కొన్ని దూకుతాయి, అది మామూలే. మౌనిక దగ్గర 8461. దాని కింద, మధ్యాహ్నం రెండింటికి వచ్చిన రోగి దగ్గర 8447.

నంబరు తగ్గింది.

"ఆ దినమే ఫోన్ జేసిన సార్, నంబర్లు ఎనుకకు పోతున్నయని. 'గట్లనే వస్తయి, పని జూస్కో' అన్నరు."

"ఎవరన్నరు?"

"పేరు జెప్పలే. కంప్యూటర్ సెక్షన్ల ఎవరో."

నంబర్లు ఇచ్చే లెక్క ముందుకే పోతుంది. మధ్యలో ఎంట్రీ రద్దైతే ఒక నంబరు ఖాళీ పోతుంది గానీ, ఇచ్చిన నంబరు మళ్లీ ఇవ్వదు. అది వెనక్కి వచ్చిందంటే డేటాబేస్ మొత్తం వెనక్కి వచ్చిందన్న మాట. అందుకే 8461 మొదట ఎల్లారెడ్డిలో మౌనికకు, తర్వాత కామారెడ్డిలో ఇంకొకరికి దొరికింది. నేను గొప్పగా చెప్పిన లాగ్ కూడా ఆ మిషన్ లోపలిదే. మిషన్‌తో పాటు అదీ వెనక్కి వెళ్లింది. పైగా నేను ఎల్లారెడ్డి అని పేరు పెట్టి మాత్రమే వెతికాను. ఆ ఒక్క పేరు తీసేసి చూసి ఉంటే, ఆ రెండున్నర గంటలు కామారెడ్డిలో కూడా ఒక్క మనిషి లాగిన్ కానట్టు కనిపించేది. రోగులు క్యూ కట్టే గురువారం పూట.

"ఏమైంది సార్?" అంది షాహీన్.

"కూసో అమ్మా" అన్నాను. అప్పటిదాకా ఆమెకు కుర్చీ చూపించలేదు.

చదవని వాక్యం

ఇక్కడి దాకా వచ్చాక తప్పంతా నరహరిదేనని చెప్పి ఆపవచ్చు. నాకూ ఆపాలనే ఉంది.

ఆ గురువారం నేను ఊళ్లో లేను. భార్య తరఫువాళ్ల పెళ్లికి బిచ్కుంద వెళ్లాను. శుక్రవారం వచ్చి చూస్తే, బల్ల కింద పెట్టెలో లాగ్ ముక్కలు ఎక్కడం ఆగిపోయింది. పావుగంటకొకటి చొప్పున తప్పు వచ్చిందని మెయిళ్లు. నేను మొదటి మాట చూశాను, ఫెయిల్ అని. నేను లేనప్పుడు నరహరి మనుషులు నా పెట్టె నెట్‌వర్క్ తీగ కదిలించారని తేల్చుకున్నాను. పది రోజుల్లో మూడు ఉత్తరాలు రాశాను. రెండో ఉత్తరంలో 'దురుద్దేశపూర్వకంగా' అనే మాట కూడా వాడాను. మెయిల్‌లో రెండో వాక్యం చదవలేదు.

షాహీన్ ఎదురుగా కూర్చుని ఉండగా అది చదివాను. 'వచ్చిన లాగ్ ముక్క, ఇక్కడ ఎక్కిన చివరి ముక్కకు కొనసాగింపు కాదు. ఇక్కడిది దానికంటే ముందుంది.' ఇందులో తీగ గురించి ఒక్క మాట లేదు. నీ అసలు సర్వర్ వెనక్కి వెళ్లింది, నేను వెళ్లలేదు అని పాత పెట్టె పావుగంటకోసారి నాకు చెబుతూనే ఉంది.

పెట్టెలోని ప్రతిని తెరిచాను. అది గురువారం పావు తక్కువ ఒంటిగంట దగ్గర ఆగి ఉంది. 8461 కొట్టాను. మౌనిక పేరు, ఊరు, బి నెగెటివ్, పన్నెండూ పది నిమిషాలు, ఎక్కించినవారు షాహీన్. ఆమెవే ఇంకో ఎనిమిది ఎంట్రీలు ఆ పొద్దున ఎక్కినవి, అన్నీ ఉన్నాయి.

ఆమె తెర దగ్గరికి వంగి తన పేరు చదువుకుంది.

"గిది ఎన్ని దినాలసంది ఈడ ఉంది సార్?"

"ఆ గురువారంసంది."

"గీడనే? మీ కాళ్లకాడ?"

"ఔను."

ఆమె నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చాలామంది చాలా మాటలన్నారు, ఎనిమిది మంది ముందు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ రోజు షాహీన్ అనకుండా ఉన్న మాటే నాకు ఎక్కువ గుర్తుంది.

నరహరి డైరీ

మర్నాడే మేడమ్ గదిలో కూర్చున్నాం. మేడమ్, నరహరి, నేను, బల్ల చివర షాహీన్. నోటుబుక్కూ పాత పెట్టెలోంచి తీసిన కాగితాలూ ముందు పెట్టాను. నరహరి ఎక్కువసేపు బుకాయించలేదు.

"ఆ దినం అప్‌డేట్ చెడింది మేడమ్. ఒంటిగంటకు పదిన్నర స్నాప్‌షాట్‌కు ఎనుకకు తిప్పినం. పొద్దటి ఎంట్రీలన్ని మళ్ల కొట్టుమని కౌంటర్లకు జెప్పినం."

"ఎల్లారెడ్డికో?" అన్నాను.

"యాదికి లేకుండె."

"మరి నాకు? రాసిచ్చిన గదా, సంతకం గూడ వెట్టినవ్."

నరహరి నా మొహంలోకి చూసి, "నీకు జెప్తే ఏమైతుండె వెంకటేశం? ఉత్తరం రాస్తుంటివి. ఏం జేసినా ఉత్తరమేనాయె. అందుకే మావోళ్లు నీకు ఏది జెప్పరు" అన్నాడు.

తప్పు దాచడం తప్పే, అందులో నరహరిని నేను క్షమించలేదు. కానీ మనుషులు నాకు చెప్పడం మానేయడానికి నేనూ ఒక కారణమని ఆ రోజు తెలిసింది.

మేడమ్ కాగితాలు తిరగేస్తూ, "ఈ పాత పెట్టెలో ఇది మొదటి రోజు నుంచీ ఉంది కదా. అప్పుడే ఎందుకు బయటపడలేదు?" అని అడిగారు.

ఆ మెయిళ్ల సంగతి నాకూ షాహీన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. నరహరి మీద నాలుగో ఉత్తరం నా తలలో సగం తయారై ఉంది. మెయిళ్లు సరిగా రాలేదని ఒక్క మాట అంటే చాలు, ఆ ఉత్తరం చక్కగా పూర్తవుతుంది. బల్ల చివర షాహీన్ తల ఎత్తి నన్నే చూస్తోంది. ఏమంటానో చూద్దామన్నట్టు చూస్తోంది.

"నేను చదవలేదు మేడమ్" అన్నాను. "తప్పు వచ్చిందని పావుగంటకోసారి మెయిల్ వచ్చింది. నరహరి తీగ పీకించాడనుకున్నాను. మొత్తం చదివి ఉంటే ఈ అమ్మాయిని ఆపే పని ఉండేది కాదు. ఆ రోజు మీటింగులో నేను చెప్పింది తప్పు."

నరహరి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. జేబులోంచి చిన్న డైరీ తీసి, తేదీ వేసి, నేనన్న మాట రాసుకున్నాడు. ఆయనకూ ఒక ఫైలుందని అప్పుడే తెలిసింది.

షాహీన్‌ను తిరిగి తీసుకున్నారు. డ్యూటీ నుంచి ఆపిన కాగితం రద్దు చేసి, తప్పు ఆసుపత్రిదని రాసి ఇవ్వమని ఆమె పట్టుబట్టింది. ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది, బయటికి అనలేదు. ఆ పొద్దున ఎల్లారెడ్డిలో పరీక్ష చేయించుకున్న మిగతా ఎనిమిది మందిలో ఏడుగురికి ఫోన్లు చేసి కార్డులు మార్చారు. తాడ్వాయి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు ఫోన్ లేదు. షాహీనే ఆటో ఎక్కి వెతుక్కుంటూ వెళ్లి కొత్త స్టిక్కర్ అంటించి వచ్చింది.

కొత్తగా చేరేవాళ్లకు

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకునేవాడు మీ పైన కూర్చుని ఉంటే వాడికి రాసివ్వండి, సంతకం తీసుకోండి. సంతకం పెట్టినవాడు కూడా మీకు చెప్పకుండా తిప్పుతాడు, కాబట్టి ఇంటి బయట ఒక ప్రతి పెట్టుకోండి. దాన్ని చూసి ఎవరు నవ్వినా ఇవ్వకండి. ఇందులో నేను ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

కానీ తప్పు వచ్చినప్పుడు యంత్రం ఏమంటుందో చివరి అక్షరం దాకా చదివి, ఆ తర్వాత మనుషులను అనుమానించండి. నేను ముందు మనిషిని పట్టుకుని, తర్వాత మెయిల్ చూసేవాణ్ని. మీరు వెతికేటప్పుడు మీకు కావాల్సిన పేరు ఒక్కటే పెట్టి వెతకకండి, పక్కవాళ్లది కూడా చూడండి. మిషన్ లోపల ఉన్న సాక్షి మిషన్‌తో పాటే అబద్ధం చెబుతుంది. ఎదురుగా వచ్చిన మనిషి మాటకూ మీ తెర మీది మాటకూ పొంతన కుదరకపోతే, ఆ మనిషి చేతిలో ఏముందో చూపించమనండి. దానికంటే ముందు కుర్చీ చూపించండి.

దూది

రిటైరయ్యాక ఒకసారి ఎల్లారెడ్డిలో పనిబడి, ఎట్లాగూ వచ్చాను కదా అని షుగర్ పరీక్షకు మా పాత బ్రాంచికి వెళ్లాను. షాహీనే ఉంది. నన్ను గుర్తుపట్టింది. "చెయ్యి సాపుండ్రి సార్" అని రక్తం తీసింది. ఒక స్టిక్కర్ గొట్టానికి, ఒకటి నా కార్డుకు అంటించింది. ఇంకో జత అచ్చు వేసి, అందులోంచి ఒకటి నోటుబుక్కులో అతికించి పక్కన నా పేరు రాసింది. అది కొత్త నోటుబుక్కు. వెనక షెల్ఫులో పాతవి వరుసగా ఉన్నాయి.

"ఇంక అతికిస్తనే ఉన్నవా? గిప్పుడు డేటాబేస్‌కు స్నాప్‌షాట్లు బందు వెట్టిన్రు గద" అన్నాను.

"కంప్యూటర్ మీద నాకేం అనుమానం లేదు సార్."

"మరెందుకు?"

ఆమె దూది నా చేతి మీద పెట్టి, నా వేలు తీసి దాని మీద ఒత్తింది.

"మీ అసొంటోళ్లు ఎవరన్న వచ్చి లేదంటరని. గట్టిగ వట్టుకోండ్రి, నెత్తురు వస్తది."

బస్సులో కామారెడ్డి వచ్చేదాకా దూది పారేయలేదు. ఇంటికి వచ్చి మూడో ఫైలు తీసి, తేదీ వేసి, ఆమె అన్నది అన్నట్టు రాసుకున్నాను. మూడు ఫైళ్లలో నేను జవాబు ఉత్తరం రాయని మాట అదొక్కటే.